జీర్ణోద్ధరణమా? నవీకరణమా? – ఎం.జి.బి. కారు చరిత్ర

పూర్వులు కట్టించిన ఇల్లు శిథిలమైనపుడు దానిని యథాతథముగ నిలుపుటయా, కాలానుగుణముగ మార్చుటయా అను ప్రశ్న ప్రతి కుటుంబమునకును ఎదురగును. చేతిలోని ధనము స్వల్పమైనచో చిక్కు మరింత పెరుగును. పాత స్పోర్ట్సు కార్ల విషయమునను ఇంతియే. ఇంగ్లండు దేశపు ఎం.జి.బి. కారు ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ కారు 1962లో అబింగ్డన్ కర్మాగారమున పుట్టి, 1980 వరకు తయారైనది. అయిదు లక్షలకు పైగా బండ్లు వెలువడినవి. ఇది శ్రీమంతుల విలాసవాహనము కాదు. దీని 1798 సి.సి. ఇంజను ఆనాటి కుటుంబపు కార్లలో వాడిన జాతిదే. కావుననే విడిభాగములు నేటికిని లభించుచున్నవి.

దీనికి వేరుగ ఛాసిస్ లేదు. రేకుల బాడీయే భారమంతయు మోయును. అందు ముఖ్యమైనవి తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగు రేకు దూలములు. తుప్పు పట్టుటయు తరచుగ అచ్చటనే. పైన రంగు మెరయుచుండగా లోపల అవి చివికి యుండవచ్చును. అట్టి బండికి పెద్ద ఇంజను బిగించుట పునాది కదలిన ఇంటిపై మేడ వేయుట వంటిది. కొద్దిపాటి ధనము గలవాడు మొదట ఈ దూలములను, పిదప బ్రేకులను బాగుచేయించవలెను. వేగము మాట తరువాత.

అట్లని మార్పులన్నియు దోషములు కావు. మొదట డైనమో ఉండగా, 1967లో కర్మాగారమే ఆల్టర్నేటరును అమర్చినది. కోస్టెల్లో అను ఆంగ్లేయుడు 1970 ప్రాంతమున రోవర్ వారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఇందు బిగించెను. 1973లో కర్మాగారమును అదే త్రోవ పట్టి, 1976 వరకు అట్టి కార్లు 2,591 తయారుచేసినది. 2000 సంవత్సరారంభమున బ్రిటనులో సీసము కలిసిన పెట్రోలు అమ్మకము సామాన్యముగ నిలిచిపోయినది. ఇంజనులో గట్టి వాల్వు సీట్లు వేయించుట కాలము విధించిన మార్పు.

క్రొత్తదంతయు మేలనియు తలపరాదు. 1974లో అమెరికా నిబంధనలకై కర్మాగారము రబ్బరు బంపర్లు తగిలించి బండి ఎత్తు పెంచగా, మలుపులలో నిలకడ తగ్గినది. అట్టి కార్ల యజమానులు పలువురు తరువాత ఎత్తును మరల దించుకొనిరి. అచ్చట పాత పద్ధతిని పునరుద్ధరించుటయే అభివృద్ధి యైనది.

1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను సేకరించి క్రొత్త బాడీలను తయారుచేయ నారంభించినది. గట్టివే గాని ఖరీదైనవి. ధనము చాలనివాడు అతుకు వేయించుకొనును. అతని బండిలో ఆనాటి రేకు కొంతయైనను మిగులును.

కావున విప్పి తీయదగిన మార్పునకు సందేహింప నక్కరలేదు. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ పరికరము పెట్టి, పాతవానిని పొట్లము కట్టి దాచవచ్చును. రేకు కోసి చేయు మార్పునకు మాత్రము పదిమారులు ఆలోచింపవలెను. పరభాషా ప్రాంతములందు తరతరములుగ నున్న మనకు ఈ వివేకము అపరిచితము కాదు. ఇరుగుపొరుగు మాటలెన్నియో ఇంటికి తెచ్చుకొంటిమి. అమ్మను పిలుచు మాటను మార్చుకొనలేదు.