చదరంగపు గడులలోని మహాసంఖ్య

చదరంగపు పలకకు గడులు 64. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, ఇట్లు చివరి గడి దాక రెట్టింపు చేసికొని పోయిన మొత్తము గింజలెన్ని? ఆటను కల్పించిన పండితుడు రాజును కోరిన బహుమానము ఇదేనని పూర్వపు కథ. రాజు నవ్వి సరే యన్నాడట, గాదెలు చాలలేదట. చాలకపోవుటలో వింత లేదు. ఆ లెక్క 1,84,46,74,40,73,70,95,51,615. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకొన్నను బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు. నేటి ప్రపంచమంతయు ఏటేట పండించు బియ్యముతో తీర్చవలెనన్న రమారమి 700 ఏండ్ల పంట కావలెను.

ఇరువది అంకెల ఈ సంఖ్య తెలుగువారికి కొత్త కాదు. మహావీరాచార్యుని ‘గణితసార సంగ్రహము’ను తెలుగు చేసిన పావులూరి మల్లన పేర దీనిని చెప్పు చంపకమాల ఒకటి ప్రసిద్ధమై యున్నది. మల్లన 11వ శతాబ్దివాడని పెద్దల మాట. ఆ పద్యములో అంకెలు లేవు, మాటలే కలవు. చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, కొండలన్న 7, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానము నుండి ఎడమకు వ్రాసికొని పోవలెను. తాటాకు మీద ఒక అంకె జారిపోయిన ఎవరికిని తెలియదు. పద్యములో ఒక మాట జారిన గణము తప్పి చెవికే పట్టుబడును. అచ్చు లేని కాలమున ఇది అలంకారము కాదు, లెక్కకు కాపలా.

ఆ లెక్క సరియేనా? ఎవరైనను సరిచూడవచ్చును. 64 గడులును కూడనక్కరలేదు. 2ను వర్గము చేసిన 4. ఆపైన వరుసగా 16, 256, 65,536, 4,29,49,67,296. దీనిని మరొకమారు వర్గము చేసి 1 తీసివేసిన మన సంఖ్యయే. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ అరబ్బీలో వ్రాసిన గ్రంథమునను ఇదే సంఖ్య కలదు.

ఇంకొక చమత్కారము. 2 మొదలు పై ఆరు మెట్లకును ఒక్కొక్కటి చేర్చిన 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 వచ్చును. ఈ ఆరింటి గుణకారలబ్ధమే మన మహాసంఖ్య! ఇట్టివన్నియు ప్రధాన సంఖ్యలే యని 1640లో ఫ్రెంచి పండితుడు ఫెర్మా తలచెను. మొదటి అయిదును అట్టివే. ఆరవదానిని 1732లో ఆయిలరు 641, 67,00,417 అను రెండు ముక్కలుగా విడదీసి ఆ తలపు తప్పని చూపెను.

మహావీరుడు 850 ప్రాంతమున, మాన్యఖేటము నేలిన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సంస్కృతమున వ్రాసిన గణితము మల్లన చేత తెలుగైనది. ఆ మాన్యఖేటము మనమున్న ఈ కర్ణాటకములోని మళఖేడమే. కన్నడసీమకును తెలుగుసీమకును ఇచ్చిపుచ్చుకొనుట నాటినుండియు కలదు. మన పిల్లలు ఇంగ్లీషులో లెక్కలు నేర్చుకొనుటలో దోషము లేదు. కాని గిరి యన్న 7 అని, గగనమన్న సున్న అని చెప్పువారు ఇంటిలో లేనినాడు ఆ పద్యము వట్టి చప్పుడై పోవును. ఈ ఉగాదికి వారిచేత దానిని కంఠస్థము చేయించి, చేతికి కాగితమిచ్చి, సరిచూడుమనుడు. లెక్కయు నిలుచును, భాషయు నిలుచును.