ప్రతినిధి ఓటు – దాని దాఖలా

ప్రజాస్వామ్యమున ఓటు రెండు విధములు. ఓటరు వేయు ఓటు మొదటిది. అతడు ఎన్నుకొనిన ప్రతినిధి చట్టసభలో వేయు ఓటు రెండవది. మొదటిదానికి రహస్యమే రక్ష. ఓటరు ఎవరి పక్షమున ఓటు వేసెనో భూస్వామికి గాని, యజమానికి గాని, అధికారికి గాని తెలియరాదు. తెలిసినచో అతని స్వేచ్ఛకు భంగము. రెండవదానికి బాహాటమే రక్ష. ప్రతినిధి వేయు ఓటు అతని సొంత సొత్తు కాదు. అతనిని పంపినవారి పక్షమున వేయునట్టిది. అది ఎట్లు పడినదో వారికి తెలియనిచో, మరల ఎన్నికలు వచ్చినపుడు వారు దేనిని చూచి తీర్పు చెప్పుదురు?

ఈ రెండు సూత్రములును నేడు సహజముగా తోచును. కాని చాలకాలము ఇవి తలక్రిందులుగా నుండెను. ఇంగ్లండులో ఓటరు నలుగురి యెదుట నోటితో తన ఓటును చెప్పవలసియుండెను. అతని ప్రతినిధి ఓటు మాత్రము సభాభవనపు గోడలు దాటి అధికారికముగా వెలువడుచుండలేదు. కామన్స్ సభ సభ్యుల ఓట్ల జాబితాలను ప్రచురింప నారంభించినది 1836లో. ఓటరు ఓటు రహస్యమైనది 1872లో.

దానికి పూర్వము మాటయే బయటకు పొక్కరాదను నియమముండెను. 18వ శతాబ్దపు కామన్స్ సభ తన చర్చలను ప్రచురించుటను సభాహక్కుల ఉల్లంఘనగా పరిగణించెను. 1738లో ఆ నిషేధమును తీర్మానరూపమున మరల గట్టిపరచెను. పత్రికలవారు ఉపాయము వెదకిరి. ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ అను మాసపత్రిక, లిల్లిపుట్ దేశపు సెనేటులో జరిగిన చర్చలని చెప్పి, సభ్యుల పేర్లను మార్చి, పార్లమెంటు ఉపన్యాసములను ప్రకటించెను. నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ కొన్నేండ్లు ఆ వ్రాతపని చేసెను. 1771లో కామన్స్ సభ ముద్రాపకులను శిక్షింపబోగా, లండన్ నగరపు మేయరు బ్రాస్ క్రాస్బీ వారి పక్షము వహించి, అందులకై టవర్ కారాగారమునకు పోయెను. నగరప్రజలు ఆయన పక్షమున నిలిచిరి. నిషేధము పేరునకు మిగిలియున్నను, దానిని మునుపటివలె అమలుపరచు ధైర్యము సభకు లేకపోయెను. 1803లో విలియం కాబెట్ చర్చల సంపుటములను ఆరంభించెను. తరువాత అవి టి. సి. హాన్సర్డ్ చేతికి వచ్చెను. నేటికిని అనేక దేశముల చట్టసభల నివేదికలు ఆ ముద్రాపకుని పేరిటనే వ్యవహరింపబడుచున్నవి.

మాట తెలిసినంతమాత్రమున ఓటు తెలియదు. సభలో ఘనముగా పలికి, ఓటు వేళకు మౌనముగా మరియొక ద్వారమున పోవువారు అన్ని కాలములందును కలరు. 1834లో వెస్ట్‌మినిస్టర్ భవనము అగ్నికి ఆహుతియైన పిమ్మట, సభ్యులు అనుకూలురు, ప్రతికూలురుగా విడిపోయి పోవుటకు రెండు వేరు వసారాలు ఏర్పడినవి. గుమస్తాలు అచట నిలిచి పేర్లు గురుతుపెట్టుకొను పద్ధతి వచ్చినది. ఆ జాబితాలే అచ్చుపడినవి. అప్పటినుండి ఇంగ్లండు ఓటరు తన ప్రతినిధి మాటను, చేతను ప్రక్కప్రక్కన పెట్టి చూడగలిగెను.

అమెరికా రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయమును 1787లోనే లేఖనమున చేర్చిరి. హాజరైన సభ్యులలో అయిదవ వంతు కోరినచో, అవును–కాదనువారి పేర్లు సభాపత్రమున చేర్చవలెను. అయినను వారి ప్రతినిధులసభ, పూర్ణసభా సంఘముగా కూడినపుడు, సవరణలపై పేర్లు లేకయే చాలకాలము ఓట్లు లెక్కించుచుండెను. 1970 నాటి సంస్కరణ చట్టముతో ఆ తెర తొలగెను. హక్కు కాగితముమీద నుండుట వేరు, దానిని కోరి వాడుకొనుట వేరని దీనివలన తెలియుచున్నది.

భారతదేశమున ఈ కథ ప్రశ్నతో మొదలైనది. 1892 నాటి చట్టము శాసనమండలి సభ్యులకు ప్రభుత్వమును ప్రశ్నించుటకును, బడ్జెటుపై మాటలాడుటకును అవకాశము నిచ్చెను. కాని ఓటు లేదు. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసినవానికి అనుబంధ ప్రశ్న అడుగు హక్కు వచ్చినది. తీర్మానములు ప్రతిపాదించు వీలు కలిగినది. 1921లో కేంద్ర శాసనసభ ఏర్పడిన పిమ్మట ఓటునకు బలము చేకూరెను. 1928లో ప్రజాభద్రతా బిల్లుపై ఇరుప్రక్కల ఓట్లు సమానము కాగా, అధ్యక్షుడు విఠల్‌భాయి పటేల్ తన నిర్ణాయకపు ఓటును బిల్లునకు వ్యతిరేకముగా వేసెను. పరాయి ప్రభుత్వపు బిల్లు ఒక్క ఓటుతో వీగిపోయెను. ఆ ఓటు ఎవరిదో దేశమంతటికి తెలిసినది కావుననే దానికంత ప్రతిష్ఠ కలిగెను.

స్వాతంత్ర్యానంతరము లోక్‌సభ 1952 మే 13న తొలిసారి సమావేశమయ్యెను. ఓటు తీసికొను విధానము నేటికిని స్థూలముగా నాటిదే. స్పీకరు ప్రశ్నను సభ ముందుంచును. అనుకూలురు, ప్రతికూలురు గొంతెత్తి పలుకుదురు. ఏ ధ్వని మిన్నయో విని స్పీకరు తన అభిప్రాయము చెప్పును. దీనినే తెలుగువారు మూజువాణి ఓటు అందురు. నోటిమాటగా వేసిన ఓటని అర్థము. దీనిలో ఏ సభ్యుని పేరును నమోదు కాదు. ఎవరైన ఆక్షేపించినచో డివిజన్ కోరవచ్చును. అప్పుడు మూడున్నర నిమిషములు గంట మ్రోగును, తలుపులు మూయబడును, మరల ప్రశ్న వేయబడును, అప్పటికిని ఆక్షేపణ నిలిచినచో ఒక్కొక్కరి ఓటు పేరుతో నమోదగును.

పూర్వము దీనికి చాల సమయము పట్టుచుండెను. 1957లో లోక్‌సభయందు విద్యుద్యంత్రముతో ఓట్లను నమోదు చేయు పద్ధతి ప్రవేశించెను. అప్పటి స్పీకరు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. సభ్యుడు తన స్థానమున కూర్చుండియే మీట నొక్కిన చాలును; ఫలితము ఫలకముపై వెలుగును. మీట సరిగా పనిచేయనివారు చీటీ వ్రాసి సరిచేసికొనవచ్చును. అందుచేతనే స్పీకరు ఫలితమును ‘సవరణకు లోబడి’ అని ప్రకటించుట ఆచారము.

పేరుతో నమోదైన ఓటు విలువ ఎంతటిదో రెండు సందర్భములు చాటుచున్నవి. రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేకాధిక్యత కావలెను గనుక వానికి డివిజన్ తప్పదు. 1970 సెప్టెంబరులో సంస్థానాధీశుల రాజభరణముల రద్దుకై తెచ్చిన సవరణ బిల్లు రాజ్యసభలో 149 అనుకూల ఓట్లను, 75 వ్యతిరేక ఓట్లను పొందెను. మొత్తము 224లో మూడింట రెండు వంతులు 149 మీద మూడవ వంతు. ఒక ఓటులో మూడవ భాగము చాలక బిల్లు వీగిపోయెను. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వముపై విశ్వాసతీర్మానమునకు 269 మంది అనుకూలురు, 270 మంది ప్రతికూలురు. నాటి స్పీకరు అమలాపురమునుండి ఎన్నికైన జి. ఎం. సి. బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రియైన పిదపను లోక్‌సభ సభ్యత్వమును వదలని ఒక సభ్యుడు ఆ నాడు ఓటు వేయవచ్చునా యను వివాదము రాగా, దానిని ఆయన ఆ సభ్యుని అంతరాత్మకే విడిచెను. ఆ చర్చ నేటికిని సాగుటకు కారణము పేర్ల జాబితా ఉండుటయే.

జాబితా ఉన్నంతనే చాలదు. దానిని ప్రజలకు చేర్చు పత్రికకు అభయము కావలెను. సభలో పలికిన మాటకు, వేసిన ఓటునకు సభ్యుని న్యాయస్థానమున నిలదీయరాదని రాజ్యాంగపు 105వ అధికరణము చెప్పుచున్నది. దానిని అచ్చువేసిన పత్రికకు అట్టి రక్షణ ఉండెడిది కాదు. ఈ లోపమును పూరించినవాడు ఫిరోజ్ గాంధీ. ఆయన అనధికార సభ్యునిగా తెచ్చిన బిల్లు 1956లో చట్టమై, పార్లమెంటు చర్చలను సద్బుద్ధితో, యథార్థముగా ప్రకటించువారికి రక్షణ నిచ్చెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో ఆయనయే జీవితబీమా సంస్థ ముంద్రా కంపెనీలలో పెట్టిన పెట్టుబడిని గూర్చి సభలో నిలదీసెను. ఛాగ్లా విచారణ జరిగెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి రాజీనామా చేసెను.

1975 జూన్‌లో ఆత్యయిక పరిస్థితి ప్రకటింపబడిన పిమ్మట ప్రశ్నోత్తరముల సమయము నిలిపివేయబడెను. పార్లమెంటు వార్తలు సైతము సెన్సారు చేతిలో పడెను. ఫిరోజ్ గాంధీ చట్టము రద్దయ్యెను. రద్దుచేసిన ప్రభుత్వమునకు అధినేత్రి ఆయన భార్యయే. సభలు జరిగెను, ఓట్లు పడెను, రాజ్యాంగము సవరింపబడెను. కాని ఎవరేమనిరో దేశము యథాతథముగా చదువుకొనజాలకపోయెను. 1977లో ఆ చట్టము పునరుద్ధరింపబడెను. 1978 నాటి 44వ సవరణ ఆ రక్షణను 361–ఏ అధికరణముగా రాజ్యాంగముననే చేర్చినది.

1985లో మరియొక మలుపు వచ్చెను. పార్టీ ఫిరాయింపులను అరికట్టుటకు 52వ సవరణతో పదవ షెడ్యూలు చేరెను. విప్‌నకు విరుద్ధముగా ఓటు వేసినను, అనుమతి లేక ఓటు వేయక మానినను సభ్యత్వమునకే ముప్పు. ఉదయమొక పార్టీ, సాయంకాలమొక పార్టీగా సాగిన వ్యవహారమునకు ఇది మందుగా వచ్చినది. కాని దీనివలన నమోదైన ఓటునకు అర్థమే మారినది. అది సభ్యుని వివేకమును గాక, అతని పార్టీ నిర్ణయమును చూపు అద్దమైనది. 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ ఓటర్లతో, ప్రతినిధి తన వివేకమును వారి అభిప్రాయమునకు సైతము బలిపెట్టరాదని వాదించెను. 1780లో వారి ఆదరము కోల్పోయి ఆ స్థానమునుండి తప్పుకొనెను. నాడు ప్రతినిధికిని ఓటరునకును నడుమ జరిగిన వాదమున నేడు విప్ మూడవ పక్షమై నిలిచినది.

కావున సభ్యుని కృషిని తెలిసికొనగోరువారు ప్రశ్నలు, చర్చలు, అనధికార బిల్లులు, స్థాయీసంఘముల పని మొదలైనవానిని కూడ చూడవలసియున్నది. 2005లో ఢిల్లీలో ఆరంభమైన పి. ఆర్. ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ వంటి సంస్థలు హాజరు, ప్రశ్నలు, చర్చల లెక్కలను ఒక్కచోట కూర్చి ప్రజల ముందుంచుచున్నవి. ఇది మెచ్చదగిన పని. అయితే అంకెలను చదువుటకును నేర్పు కావలెను. మంత్రులు హాజరుపట్టీలో సంతకము చేయరు, ప్రశ్నలు వేయరు. వారి ఎదుట సున్న యుండుట సోమరితనము కాదు. లోక్‌సభలో నోటిజవాబు కోరు నక్షత్రపు గుర్తు ప్రశ్నలు దినమునకు 20. వానికి స్థానము లాటరీచే నిర్ణయమగును. హాజరు నమోదు సభ్యుడు వచ్చెనని చెప్పును. ఎంతసేపు కూర్చుండెనో చెప్పదు.

ప్రశ్నల సంఖ్య గుణమునకు కొలత కాదు. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్. జి. ముద్గల్ ఒక వర్తకసంఘమునుండి ధనము పొంది ప్రశ్నలు వేసెనని తేలి, సభ్యత్వము పోగొట్టుకొనెను. 2005 డిసెంబరులో అట్టి నేరమునకే ఉభయసభలలో 11 మంది బహిష్కృతులైరి. మరియొకవైపు, ఒక్క ప్రశ్న వలన దాచిన సత్యము వెలికివచ్చుటయు కలదు. ప్రశ్న వచ్చిన దినమున మంత్రిత్వశాఖలలో దస్త్రములు వెదకి, రాష్ట్రములనుండి వివరములు రప్పించి, అనుబంధ ప్రశ్నలకు సైతము జవాబులు సిద్ధపరచు ఉద్యోగులకు ఏ ప్రశ్న పనికై వేసినదో, ఏది లెక్కకై వేసినదో చక్కగా తెలియును.

తెలుగువారికి ఈ చరిత్రలో మిక్కిలి సన్నిహితమైన దినము 2014 ఫిబ్రవరి 18. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆనాడు లోక్‌సభలో తీవ్రకలకలము నడుమ మూజువాణి ఓటుతో ఆమోదము పొందెను. తలుపులు మూయబడియుండెను, ప్రత్యక్షప్రసారము ఆగిపోయెను. రెండు దినములకు రాజ్యసభ కూడ ఆమోదించెను. ఆ బిల్లు తగునా తగదా యనుటలో తెలుగువారు రెండు పక్షములుగా నుండిరి. ఆ వివాదము ఇచట ప్రస్తుతము కాదు. అరువదేండ్లుగా ప్రత్యేకరాష్ట్రమును కోరినవారికి, తమకు తోడు నిలిచిన సభ్యులు ఎవ్వరో కృతజ్ఞతతో చెప్పుకొనుటకు బిల్లు ఆమోదమునకు సంబంధించిన పేర్ల జాబితా లేదు. ఐక్యతను కోరినవారికి, వ్యతిరేకముగా ఓటు వేసినవారు ఎవ్వరో చూపుటకును అది లేదు. నష్టము ఇరువురికిని సమానము. దీనికి భిన్నముగా 2023 సెప్టెంబరు 20న మహిళలకు చట్టసభలలో స్థానములు ప్రత్యేకించు సవరణ బిల్లుపై లోక్‌సభలో చీటీలతో ఓటింగు జరుగగా, 454 మంది అనుకూలురు, ఇద్దరే ప్రతికూలురు. ఆ ఇద్దరి పేర్లును దేశమునకు తెలియును. తమ కారణములను చెప్పుకొను అవకాశమును వారికి కలిగినది.

సాధారణమైన బిల్లులన్నిటికిని డివిజన్ జరుపుట కాలవ్యయమని వాదించువారు కలరు. గంటల తరబడి వసారాలలో నడచిన దినములలో ఆ వాదమునకు బలముండెను. మీట నొక్కిన క్షణములో పేర్లు నమోదగు కాలమున అది నిలువజాలదు. కనీసము రాష్ట్రముల సరిహద్దులను, ప్రజల ఆస్తిపాస్తులను, స్వేచ్ఛను తాకు బిల్లులకైనను తుది ఓటు పేర్లతో నమోదు కావలెనను నియమము సభలు తామే చేసికొనవచ్చును. తమ కార్యక్రమ నియమములను ఏర్పరచుకొను అధికారము రాజ్యాంగపు 118వ అధికరణము వానికి ఇచ్చియేయున్నది. అంతవరకును డివిజన్ కోరు బాధ్యత సభ్యులది. మీ ఓటు ఎటు పడినదని అడుగు బాధ్యత వారిని పంపినవారిది.