పరిశోధనలో శోధన

ఎంబీఏ ప్రాజెక్టు అనగానే మన పిల్లలు ముందు ప్రశ్నావళి రాసుకుంటారు. పరిశోధన అంటే సమాచారం పోగుచేయడమేనన్న అభిప్రాయం అంతగా పాతుకుపోయింది. ఆ మాట పుట్టుక వేరు. సంస్కృతంలో ‘శుధ్’ ధాతువుకు శుభ్రపడడం అని అర్థం. దాన్నుంచి వచ్చిన శోధన అంటే మలినం తీసేయడం. వైద్యులు పాదరసానికి చేసేది శోధనే, అప్పు తీర్చడం ఋణశోధన. ముందున్న ‘పరి’ ఆ పని నాలుగు వైపులా, పూర్తిగా జరగాలంటుంది. వెతకడమన్న అర్థమూ పాతదే, మన సోదించడం అందులోంచి వచ్చిందే. తెలుగు క్రైస్తవుల ప్రార్థనలోనైతే శోధన అంటే పరీక్ష. ‘రీసెర్చి’కి పరిశోధన అన్న మాటను ఎంచినవారెవరో గానీ, వారికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ అర్థాలన్నీ కళ్ళెదుట కనిపించే ఊరు బందరు పక్కనున్న చిలకలపూడి. రాగి మీద పలుచని బంగారు రేకు అతికి సాగదీసి చేసిన నగలతో ‘చిలకలపూడి బంగారం’ అన్న పేరు తెలుగునాట పాకింది. మేలిమి చూడాలంటే నగను గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆసిడ్ చుక్క వేస్తారు. రాగి కరిగిపోతుంది, బంగారం నిలుస్తుంది. గిల్టు నగను పైపైన గీస్తే మాత్రం రాయి మీద పడేది పైరేకు గీతే. అందుకే ఆకురాయితో చిన్న గాడి పెట్టి, లోపలి లోహాన్ని చూడాలి. పరిశోధనలో సర్వే గీటురాయి అయితే, ఎదురుగా కూర్చుని విడమరిచి అడిగే ఇంటర్వ్యూ ఆకురాయి.

2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది. అక్కడి విద్యార్థి ఒకరు గిల్టు పని మీదే ప్రాజెక్టు చేస్తున్నారనుకుందాం. ‘ఎంతమంది పనిచేస్తారు?’ అంటే యజమాని షెడ్డులో ఉన్నవాళ్ళ లెక్క చెప్పవచ్చు. ఇంటి దగ్గర రాళ్ళు అతికి, ఇన్నింటికి ఇంత అని కూలి తీసుకునే ఆడవాళ్ళు ఆ లెక్కలోకి వచ్చారా? ఉన్నది ఉన్నట్టు చెప్పే వర్ణనాత్మక పరిశోధన ఈ ప్రశ్న వేయకపోతే మొదట్లోనే తప్పుతుంది. కారణం తేల్చడం ఇంకా కష్టం. పూత మార్చాక అమ్మకాలు పెరిగాయంటే అది పూత వల్లా, పెళ్ళిళ్ళ సీజను వల్లా? పాత సరుకూ కొత్త సరుకూ ఒకే నెలలో ఒకే కొట్లో పక్కపక్కన పెట్టి చూడందే పూత వల్లేనని అనకూడదు.

ఏం అడగాలో కూడా తెలియని దశలో చేసేదాన్ని పాఠ్యపుస్తకాలు అన్వేషణాత్మక పరిశోధన అంటాయి. మనవాళ్ళు ఎప్పటినుంచో వాకబు చేయడం అంటున్నారు. అది ఉర్దూ ‘వాకిఫ్’ నుంచి వచ్చింది, తెలిసినవాడని అర్థం. నాకీ మాటే ఎక్కువ ఇష్టం, ఎవరి దగ్గరకు వెళ్ళాలో అదే చెబుతుంది గనక. ప్రశ్నావళి అచ్చు వేయించకముందే ఆ విద్యార్థి రాళ్ళు అతికే అమ్మ దగ్గర ఓ పూట కూర్చోవాలి. సరుకు ఎవరు తెచ్చిస్తారు, పాడైన ముక్కకు కూలి ఎవరు నష్టపోతారు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అని అడగాలి.