పొగగొట్టం ఇచ్చిన సాక్ష్యం

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే సిగరెట్టునే నిందిస్తాం. చైనాలోని యునాన్ రాష్ట్రం, షువాన్‌వెయ్ చరిత్ర చూస్తే ఆ నింద సగమే నిజం. ఈ జబ్బుతో ఆడవాళ్లు చనిపోయే రేటు దేశంలోకెల్లా అక్కడే ఎక్కువని 1970లలో సర్వేలో తేలింది. వాళ్లలో పొగతాగేవాళ్లు దాదాపు లేరు. ఇంట్లోనే గుంటలో పొగ ఎక్కువ వచ్చే బొగ్గు రాజేసి, పొగ పోయే దారిలేని గదిలో వండేవారు. కట్టెలు, పొగ తక్కువ వచ్చే బొగ్గు వాడిన చుట్టుపక్కల ఊళ్లలో మరణాలు చాలా తక్కువ.

వంశపారంపర్యం కావచ్చు కదా అంటారు. దాని పాత్ర కొంత ఉండవచ్చు. కానీ అదే జనం పొగగొట్టమున్న పొయ్యికి మారాక ముప్పు మగవారిలో 41 శాతం, ఆడవారిలో 46 శాతం తగ్గిందని 2002లో వెలువడిన అధ్యయనం చూపింది. మనుషులు వాళ్లే, మారింది పొయ్యి ఒక్కటే. కాబట్టి ఒక ప్రాంతంలో చావులు ఎక్కువైతే తలరాత అని ఊరుకోకూడదు. వంటింటి గాలిని కాపాడటం ప్రభుత్వాల బాధ్యత.