మన్నింపు కోరేది ఎవరిని?

క్షమాపణను వ్యక్తి శీలానికి సంబంధించిన విషయంగా భావించడం మనకు అలవాటు. తప్పు చేసినవాడు అంతరాత్మ గద్దింపుకు లొంగి తల వంచుతాడు. తల వంచినందుకే గొప్పవాడవుతాడు. కథ అంతటితో ముగుస్తుంది. పురాణ కాలక్షేపానికి ఈ దృష్టి చాలునేమో గాని చరిత్రకు చాలదు. ప్రముఖులు బహిరంగంగా చెప్పుకొన్న క్షమాపణలను వరుసగా పెట్టి చూస్తే మూడు ప్రశ్నలు లేవక మానవు. ఎవరు ఎవరి ముందు తల వంచారు? ఎప్పుడు వంచారు? వంచి ఏమి వదులుకొన్నారు? ఈ ప్రశ్నలకు సమాధానం అంతరాత్మలో కన్నా ఆనాటి బలాబలాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

ముందుగా మాటనే పరిశీలిద్దాం. ‘క్షమాపణ’ ప్రేరణార్థకం మీద ఏర్పడిన సంస్కృత పదం. క్షమించడం అని కాదు, క్షమింపజేసుకోవడం అని దాని అర్థం. అంటే ఆ మాటలోనే రెండవ మనిషి వున్నాడు. అతడు క్షమించవచ్చు, క్షమించకపోవచ్చు. ఆ అధికారం అతనిది. మన తెలుగు ‘మన్నించు’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆ క్రియకు తప్పు సైరించడమనే అర్థంతోపాటు గౌరవించడమనే అర్థం కూడా వుంది. ‘మన్నన’ దాని తోబుట్టువే. కాబట్టి ఒకరి మన్నింపు కోరడమంటే, వారి మన్ననకు విలువ వున్నదని ఒప్పుకోవడమే. బానిస మన్ననను యజమాని కోరడు గదా! ఇక ‘విచారం’ సంగతి వేరు. దానికి రెండవ మనిషితో పనిలేదు. వాన కురవకపోయినా విచారించవచ్చు, పంటకు పురుగు పట్టినా విచారించవచ్చు. ఈ రెండు మాటల మధ్య వున్న దూరం వట్టి నిఘంటు విషయం కాదు. ఒక సామ్రాజ్యం వంద సంవత్సరాలుగా ఆ దూరాన్ని దాటలేక నిలబడిపోయింది. ఆ సంగతికి వచ్చేముందు పాత ఉదాహరణలు రెండు చూడాలి.

1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగవ హెన్రీ ఆల్ప్స్ పర్వతాలు దాటి ఉత్తర ఇటలీలోని కనోస్సా కోట వాకిట నిలబడ్డాడు. లోపల పోపు ఏడవ గ్రెగరీ వున్నాడు. మూడు రోజులపాటు ఆ చలిలో, పశ్చాత్తాపం తెలిపే ముతకబట్టతో, వట్టి కాళ్ళతో రాజు కాచుకొన్న తర్వాతనే పోపు లోనికి రానిచ్చి మతబహిష్కారాన్ని ఎత్తివేశాడు. యూరపు చరిత్రలో ఇంతటి పేరు పొందిన క్షమాపణ మరొకటి లేదు. కాని రాజు ఎందుకు వెళ్ళాడు? బిషప్పులను నియమించే హక్కు రాజుదా, పోపుదా అన్నది అసలు తగాదా. పోపు బహిష్కరించగానే జర్మన్ ప్రభువులు అదే అదనుగా తిరగబడి, సంవత్సరంలోగా బహిష్కారం తొలగించుకోకపోతే రాజ్యం పోతుందని గడువు పెట్టారు. హెన్రీ గడువులోగా వెళ్ళి పని చక్కబెట్టుకొన్నాడు. 1084లో అదే హెన్రీ సైన్యంతో రోము ప్రవేశించి, తన పక్షపు పోపును గద్దెనెక్కించి, అతని చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకొన్నాడు. గ్రెగరీ మరుసటి సంవత్సరం సలెర్నోలో ప్రవాసిగా చనిపోయాడు. ఇద్దరు ప్రభువుల మధ్య జరిగిన క్షమాపణ ఇది. దీన్ని రాజనీతి అనవచ్చు, పశ్చాత్తాపం అనడం కష్టం.

రెండవది 1633 జూన్ 22న రోములో జరిగింది. అరవై తొమ్మిదేళ్ళ గెలీలియో మతవిచారణాధికారుల ముందు మోకరించి, భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న సిద్ధాంతాన్ని అసహ్యించుకొంటున్నానని, శపిస్తున్నానని చదవవలసి వచ్చింది. మిగిలిన జీవితం, అంటే 1642 వరకు, గృహనిర్బంధంలోనే గడిపాడు. ఇక్కడ మోకరించినవాడు నేరం చేసినవాడు కాదు, నిజం చెప్పినవాడు. మోకరింపజేసినవారి చేతిలో చెరసాల వుంది. కనోస్సాలోనూ రోములోనూ శరీరం చేసిన పని ఒక్కటే, వంగడం. దాని అర్థం మాత్రం పూర్తిగా వేరు. అందుకనే వంగిన నడుమును చూసి క్షమాపణను అంచనా కట్టరాదు. గెలీలియో విషయంలో తప్పు జరిగిందని రెండవ జాన్ పాల్ పోపు 1992లో ఒప్పుకొన్నాడు. అప్పటికి 359 సంవత్సరాలు గడిచాయి. చర్చికి అందువల్ల పోయే అధికారం ఏదీ అప్పటికి మిగిలి లేదు.

ఈ రెండింటికీ భిన్నమైన క్షమాపణ అసలు లేదా? వుంది. అమెరికాలోని మసాచుసెట్స్ వలస రాజ్యంలో 1692లో మంత్రగత్తెలన్న అభియోగం మీద పందొమ్మిది మందిని ఉరితీశారు. నోరు విప్పని ఒక వృద్ధుణ్ణి బండరాళ్ళ కింద అదిమి చంపారు. ఆ శిక్షలు విధించిన న్యాయస్థానంలో శామ్యూల్ స్యూవల్ ఒక న్యాయమూర్తి. 1697 జనవరి 14న, ఉపవాస దినంగా ప్రకటించిన రోజున, అతడు బోస్టన్‌లోని తన చర్చిలో సభికులందరి ముందు లేచి నిలబడ్డాడు. తాను రాసి ఇచ్చిన కాగితాన్ని పాదిరి చదువుతూ వుంటే చివరిదాకా నిలబడే వున్నాడు. ఆ న్యాయస్థానపు నిందను, సిగ్గును తాను మోస్తున్నానని, మనుషుల మన్నింపు కోరుతున్నానని అందులో వుంది. అతనిని ఎవరూ బలవంతపెట్టలేదు. తోటి న్యాయమూర్తులలో మరెవ్వరూ అలా బహిరంగంగా నిలబడలేదు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ చివరివరకూ పశ్చాత్తాపపడలేదు. అతని పదవులకేమీ లోటు రాలేదు కూడా.

స్యూవల్‌ను మనం గౌరవించవలసిందే. అయినా ఆ కాగితానికొక పరిమితి వుంది. ఉరికంబమెక్కిన స్త్రీ పురుషుల పేర్లు అందులో లేవు. వారి బిడ్డలకు ఏమి చెల్లించాలన్న మాట లేదు. ఆ పని చేయించుకోవడానికి ఆ కుటుంబాలు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది. చివరకు 1711లో వలస ప్రభుత్వం చాలా మంది మీది శిక్షలను రద్దుచేసి సుమారు 600 పౌండ్లు పరిహారంగా ఇచ్చింది. న్యాయమూర్తి కన్నీరు ఒక రోజు పని. బాధితుల అర్జీలు పద్నాలుగేళ్ళ పని. చరిత్ర పుస్తకాల్లో మొదటిదానికి దొరికిన చోటు రెండవదానికి దొరకలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో వ్యక్తికి బదులు రాజ్యం తల వంచవలసిన సందర్భాలు వచ్చాయి. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విలీ బ్రాంట్ వార్సాలో యూదుల వాడ తిరుగుబాటు వీరుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం వుంచి, ఎవరూ ఊహించని విధంగా తడి నేలమీద మోకరించాడు. ఒక్క మాట మాట్లాడలేదు. బ్రాంట్ నాజీ కాదు. నాజీలకు వ్యతిరేకంగా పోరాడి, 1933లో దేశం విడిచి నార్వేలో తలదాచుకొన్నవాడు. అపరాధం చేయనివాడు అపరాధుల పక్షాన వంగాడు. అపరాధులు నిటారుగానే వున్నారు. అప్పుడు ‘డెర్ స్పీగెల్’ పత్రిక జరిపించిన అభిప్రాయసేకరణలో పశ్చిమ జర్మన్లలో 48 శాతం మంది అది మితిమీరిన పని అన్నారు. తగిన పని అన్నవారు 41 శాతం మాత్రమే. కనోస్సాలో హెన్రీకి దొరికిన లాభం బ్రాంట్‌కు ఇంటివద్ద దొరకలేదన్నమాట. అంతకన్న ముఖ్యమైనది మరొకటి వుంది. ఆనాడే అతడు పోలెండుతో సంధిపత్రం మీద సంతకం చేసి, ఓడర్–నైసె నదుల సరిహద్దును అంగీకరించాడు. అంటే యుద్ధంలో పోయిన భూమి మీద ఆశ వదులుకొన్నాడు. మోకాలి వెనుక సంతకం వున్నందువల్లనే ఆ మోకాలికి విలువ వచ్చింది.

ఇప్పుడు మనకు దగ్గరి విషయానికి వద్దాం. 1919 ఏప్రిల్ 13న అమృతసర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో జనరల్ డయ్యర్ సైనికులు సుమారు పది నిమిషాలలో 1650 తూటాలు కాల్చారు. ప్రభుత్వం లెక్క ప్రకారం చనిపోయినవారు 379 మంది. కాంగ్రెసు విచారణ సంఘం వేయిమంది దాకా వుంటారని చెప్పింది. మరి ఇంగ్లండు ఏమి చేసింది? 1920 జూలైలో కామన్స్ సభలో చర్చిల్ ఆ కాల్పులను ఘోరమన్నాడు. అదే నెలలో ప్రభువుల సభ 129 – 86 ఓట్లతో డయ్యర్ పక్షం వహించింది. ‘మార్నింగ్ పోస్ట్’ పత్రిక అతని కోసం చందాలు పోగుచేస్తే 26,000 పౌండ్లు దాటాయి. హంతకునికి కానుక, హతులకు విచారం.

ఆ విచారం అప్పటినుంచి కొనసాగుతూనే వుంది. 1997లో ఎలిజబెత్ రాణి అక్కడికి వచ్చి మౌనంగా నిలబడింది; జరిగినది బాధాకరమన్నది. 2013లో ప్రధాని కామెరాన్ సందర్శకుల పుస్తకంలో అది మిక్కిలి సిగ్గుచేటైన ఘటన అని రాశాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. తాను పుట్టకముందు జరిగినదనీ, అప్పటి ప్రభుత్వమే దాన్ని ఖండించిందనీ అతని సమాధానం. 2019 ఏప్రిల్ 10న, నూరేళ్ళు నిండడానికి మూడు రోజుల ముందు, ప్రధాని థెరెసా మే కామన్స్ సభలో దాన్ని సిగ్గుచేటైన మచ్చ అని, తీవ్రంగా విచారిస్తున్నామని అన్నది. ప్రతిపక్ష నాయకుడు కోర్బిన్ స్పష్టమైన, సంపూర్ణమైన క్షమాపణ కావాలన్నాడు. అది రాలేదు.

ఎందుకు రాలేదు? మాటకు భయపడి కాదు. ఆ మాట వెనుక రాగల లెక్కకు భయపడి. జలియన్‌వాలాకు క్షమాపణ చెబితే 1943 బెంగాలు కరవుకు ఎందుకు చెప్పరని అడుగుతారు. ఆ తర్వాత కెన్యా లేస్తుంది. కెన్యా నిజంగానే లేచింది. మౌ మౌ తిరుగుబాటు కాలంలో నిర్బంధ శిబిరాల్లో చిత్రహింసల పాలైనవారు ముసలితనంలో లండన్ కోర్టుకెక్కారు. ప్రభుత్వం దాచివుంచిన వలస పాలన కాగితాలు ఆ వ్యాజ్యం వల్లనే 2011లో వెలుగు చూశాయి. 2013 జూన్ 6న విదేశాంగ మంత్రి విలియం హేగ్ చిత్రహింసలు జరిగాయని ఒప్పుకొని, 5,228 మందికి ఖర్చులతో కలిపి 199 లక్షల పౌండ్లు ఇస్తామని ప్రకటించాడు. అప్పుడు కూడా విచారమే అన్నాడు. చట్టపరమైన బాధ్యత లేదన్న వాదన వదులుకోలేదు. అయినా జలియన్‌వాలాకు దొరకనిది కెన్యా వృద్ధులకు కొంత దొరికింది. దాతృత్వం వల్ల కాదు, వ్యాజ్యం వల్ల.

ఎక్కడ నిలబడి చెప్పారన్నది కూడా చిన్న విషయం కాదు. 1914లో కొమగాట మారు ఓడలో కెనడా చేరిన 376 మంది భారతీయులలో అత్యధికులను దిగనివ్వకుండా, రెండు నెలలు రేవులో నిలబెట్టి తిప్పి పంపారు. కలకత్తా దగ్గర బజ్ బజ్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. 2008లో కెనడా ప్రధాని హార్పర్ ఒక ఉద్యానవనంలో పంజాబీల తిరునాళ్ళలో క్షమాపణ చెప్పి దిగిపోయాడు. అక్కడే, ఆ వేదిక మీదనే, పంజాబీ పెద్దలు అది తమకు సమ్మతం కాదన్నారు. చట్టం చేసినది పార్లమెంటు, చెప్పవలసింది పార్లమెంటులో. ఎనిమిదేళ్ళ తర్వాత, 2016 మే 18న, ప్రధాని ట్రూడో పార్లమెంటులోనే చెప్పాడు. క్షమాపణలో రెండవ మనిషి వున్నాడని మొదట అన్నాం. ఆ రెండవ మనిషి ‘ఇది చాలదు’ అనగలిగిన ఘట్టం ఇది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. చేసినవారూ లేరు, పడ్డవారూ లేరు. మనుమలు మనుమలకు చెప్పుకొనే క్షమాపణ నాటకం కాదా అని. ఈ వాదన వ్యక్తుల విషయంలో చెల్లుతుంది గాని రాజ్యాల విషయంలో చెల్లదు. రాజ్యం తాతల నాటి సంధిపత్రాలను అనుభవిస్తుంది, తాతల నాటి అప్పులను వసూలు చేస్తుంది, తాతలు దోచిన సొత్తును మ్యూజియంలో వుంచుకొంటుంది. ఆస్తికి వారసులైనవారు నిందకు మాత్రం వారసులం కామనడం ఏ ధర్మం? రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో నిర్బంధించినందుకు అమెరికా 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది. బతికివున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. చట్టం మీద సంతకం చేసిన రీగన్ ఆ నిర్బంధానికి కర్త కాడు. రాజ్యం కర్త.

సామ్యవాద రాజ్యానికి కూడా ఈ కొలత నుంచి మినహాయింపు లేదు. 1940లో కాటిన్ మొదలైన చోట్ల సుమారు 22,000 మంది పోలిష్ బందీలను చంపిన నేరాన్ని సోవియట్ ప్రభుత్వం అర్ధశతాబ్దం నాజీల మీదకు నెట్టింది. తమ రహస్య పోలీసుల పనేనని 1990లో ఒప్పుకొని ప్రగాఢ విచారం తెలిపింది. అక్కడ కూడా మాట విచారమే.

పరాయివారిని కొలిచిన కొలకర్రను ఇంటికి కూడా తేవాలి. 1984 నాటి సిక్కుల ఊచకోతకు ప్రధాని మన్మోహన్ సింగ్ 2005 ఆగస్టు 11న రాజ్యసభలో జాతికంతటికీ క్షమాపణ చెప్పాడు. సిగ్గుతో తల వంచుతున్నానన్నాడు. మంచిదే. కాని అప్పటికి ఇరవై ఒక్క సంవత్సరాలు గడిచాయి. శిక్షలు పడినవారు చాలా తక్కువ. మరి మన నేల మాటేమిటి? 1985 జూలై 17న కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి మూటగట్టి కాలువలో వేశారు. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆ వాడలకు వెళ్ళి మన్నింపు కోరవలసిందని మన సభలలో ఎందరు అడిగారు?

నేటి పెద్దమనుషులు కొత్తరకం క్షమాపణ ఒకటి కనిపెట్టారు. ‘నా మాటలవల్ల ఎవరి మనసైనా నొచ్చుకొని వుంటే’ అని మొదలుపెడతారు. మన వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. నొచ్చుకోవడం ఎదుటివాని బలహీనత అవుతుంది. చేసినవాని పని వాక్యంలోంచి మాయమవుతుంది. విచారం కన్న ఇది ఇంకొక మెట్టు కిందిది. ఇటువంటివి విన్నప్పుడు మనం అడగవలసినవి ఆ మూడు ప్రశ్నలే. బ్రాంట్ సంతకం పెట్టాడు; కెనడా పార్లమెంటులో నిలబడింది; అమెరికా సొమ్ము చెల్లించింది. చుండూరుకు ఎవరు వెళ్తారు, అక్కడ ఎవరి ముందు నిలబడతారు, ఏమి వదులుకొని వస్తారు?