మాచలదేవి చిత్రశాల

ఖిలా వరంగల్‌లో రాయి మిగిలింది. నాలుగు శిలాతోరణాలు మిగిలాయి. అందుకే కాకతీయుల కళ అనగానే మనకి శిల్పమే గుర్తొస్తుంది. ఇదే ఓరుగల్లులో చిత్రకారుల ఇళ్లు 1500 ఉండేవని ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ చెబుతుంది. అంకెలో అతిశయోక్తి ఉండొచ్చు. కానీ ఆ రంగులు ఒకప్పుడు ఈ ఊళ్లో ఉన్నాయి.

ఆ గోడల్లో ఒకటి ఒక స్త్రీది. 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాత వచ్చిన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మగవాళ్లు ఒక రోజంతా నగరం చుట్టి వస్తారు. ఆ రోజే మాచలదేవి చిత్రశాలా ప్రవేశం. ఆమె వేశ్య, ప్రతాపరుద్రుని గోష్ఠిలో గౌరవం ఉన్న మనిషి.

గోడల మీద ఏమున్నాయి? దారుకావనంలో శివుడు, గోపికలతో కృష్ణుడు, అహల్యా ఇంద్రులు, తారా చంద్రులు, మేనకా విశ్వామిత్రులు. అన్నీ కోరిక కట్టుబాటును దాటిన కథలే. పురాణం చెప్పేవాళ్ల నోట ఇవి హెచ్చరికలు. పెళ్లి చట్రానికి బయట బతికిన స్త్రీ ఇంటి గోడ మీద కూడా అవి హెచ్చరికలుగానే ఉంటాయా?

వృత్తికి పనికొచ్చే అలంకరణే కదా అని కొట్టిపారేయొచ్చు. రాజు తన కొలువులో యుద్ధాలూ వేటలూ వేయించుకుంటే అదీ వృత్తికి పనికొచ్చే అలంకరణే. దాన్ని మాత్రం కళాపోషణ అంటున్నాం. ఇదంతా కవి కల్పనే అనుకున్నా, ఒక వేశ్యకు సొంత చిత్రశాల ఉండటం ఆనాటి పాఠకులకు నమ్మదగిన సంగతే అయివుండాలి.

బొమ్మలు వేసిందెవరో కావ్యం చెప్పదు. వాటిని మనం చూసేది కూడా ఆ ఇద్దరు మగవాళ్ల కళ్లతోనే. తన గోడల గురించి మాచలదేవి ఏమనుకుందో వినే దారి లేదు.

ఈనాటి చిత్రకారిణుల పని గురించి రాసేటప్పుడు సుకుమారమైన గీత, పూలు, కొంటె రంగులు కనిపిస్తే చాలు, ‘స్త్రీ సహజ శైలి’ అని ఒక్క మాటతో తేల్చేస్తుంటారు. మాచలదేవి దగ్గర మనకు గీత లేదు, రంగూ లేదు. మిగిలింది ఎంపిక ఒక్కటే. ఏ కథ గోడెక్కాలో, ఏ స్త్రీ తన ఇంట్లో కనిపించాలో ఎంచుకోవడం. శైలి గురించి మాట్లాడేముందు ఆ ఎంపిక ఎవరిదని అడగడం మనం నేర్చుకోవాలి.