చేపలు ఎవరివి?

రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లా నీళ్ల గురించి ఏ నివేదిక తెరిచినా ఒక మాట పదే పదే కనిపిస్తుంది: ఎనికట్. వాగుకు అడ్డంగా కట్టిన చిన్న రాతి అడ్డుకట్టను అక్కడి రైతులు అలా పిలుస్తారు. పైకి హిందీ మాటలా వినిపిస్తుంది కానీ కాదు. తమిళంలో అణైక్కట్టు, మనకు ఆనకట్ట. ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్లు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు, ఇంగ్లీషు నుంచి అది దేశమంతా తిరిగింది. 1852లో కాటన్ ధవళేశ్వరం దగ్గర పూర్తి చేసిందీ ఆనకట్టే, అల్వర్ కొండల్లో ఓ పల్లె జనం చందాలు వేసుకుని కట్టుకున్నదీ ఎనికట్టే. మాట ఒకటే. అయితే మొదటిదాన్ని సర్కారు కట్టి, నీళ్లకు పన్ను వేసింది. రెండోదాన్ని ఊరు కట్టింది. మరి అక్కడ నిలిచిన నీళ్లు ఎవరివి?

ఈ ప్రశ్న అర్వరీ అనే ఓ చిన్న నది మీద చాలా గట్టిగా వచ్చి పడింది. అది కూడా నీళ్ల గురించి కాదు, చేపల గురించి.

అర్వరీ పొడవు 90 కిలోమీటర్లు. థార్ ఎడారికి తూర్పున ఆరావళి కొండల్లో పుట్టి, సైంథల్ సాగర్ అనే జలాశయం వైపు పోతుంది. ఎడారి అంచు అనగానే వాన చుక్క పడదనుకుంటాం. నిజానికి అక్కడ ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. మన అనంతపురం సగటు 550కి అటూ ఇటూ. అంటే అల్వర్ కొండలకు మన అనంతపురం కన్నా కాస్త ఎక్కువే. చిక్కు ఎక్కడంటే, ఆ వానంతా కొన్ని రోజుల్లో కురిసిపోతుంది. చెట్టులేని కొండవాలు మీద పడ్డ నీరు గంటల్లో జారిపోయి, పోతూ పోతూ మట్టిని కూడా పట్టుకుపోతుంది. 1980ల నడుమ, వరస కరువుల్లో, అర్వరీ వానొచ్చినప్పుడు మాత్రమే కనిపించే ఇసుక దారి. బావులు ఎండిపోయాయి. మగవాళ్లు పనికోసం ఢిల్లీకి, అహ్మదాబాద్‌కి వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చారు.

తరవాతి కథ చాలామందికి తెలిసిందే. 1985 అక్టోబర్ 2న తరుణ్ భారత్ సంఘ్ అనే సంస్థ తరఫున రాజేంద్ర సింగ్, మరో నలుగురు యువకులు అక్కడ బస్సు దిగారు. సింగ్ చదివింది ఆయుర్వేదం. వైద్యం చేద్దాం, చదువు చెబుదాం అనుకుని వచ్చారు. గోపాల్‌పురలో మంగూ అనే పెద్దాయన, అవన్నీ తరవాత, ముందు జోహడ్ తవ్వు అన్నాడట. తవ్వారు. తరవాతి వానలకు అది నిండింది, పక్క బావుల్లో నీళ్లు లేచాయి. ఊరి నుంచి ఊరికి పని పాకింది. 2001లో సింగ్‌కు రామన్ మెగసెసే అవార్డు, 2015లో స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ వచ్చాయి. ‘భారతదేశపు నీటిమనిషి’ అనే బిరుదు కూడా స్థిరపడింది.

ఈ కథలో అబద్ధం లేదు. కానీ ఇలా చెప్పినప్పుడు అది పురాణమైపోతుంది. హీరో వచ్చాడు, ముసలాయన మంత్రం చెప్పాడు, నది ప్రత్యక్షమైంది. పురాణంలో రెండు సంగతులు జారిపోతాయి. అంతకుముందు నది ఎందుకు చచ్చిపోయింది? వచ్చాక దాన్ని ఎవరు, ఎలా పంచుకున్నారు? చరిత్ర ఉన్నది ఆ రెండింటిలోనే.

మొదటిదానికి జవాబు అడవిలో ఉంది. జోహడ్ కొత్త ఆవిష్కరణ కాదు. వాలుకి అడ్డంగా అర్ధచంద్రాకారంలో వేసిన మట్టిగట్టు, దాని వెనక నిలిచే నీళ్లు, అంతే. మన చెరువుకు తూము ఉంటుంది, కాలువ ఉంటుంది, కింద ఆయకట్టు ఉంటుంది. జోహడ్ ముఖ్యమైన పని పశువుల దాహం తీర్చడం, మిగతా నీటిని భూమిలోకి దించడం. రాయలసీమలో ఊటకుంట అంటామే, దానికి దగ్గర చుట్టం. తరాలుగా ఊళ్లు వీటిని పూడిక తీసి కాపాడుకున్నాయి. సంస్థానాల చివరి రోజుల్లో కొండల మీద కలపను విపరీతంగా నరికి అమ్మారు. చెట్టు పోయాక మట్టి జారి జోహడ్‌లలోకి వచ్చింది. అదే సమయంలో అడవి, వాగు, బంజరు అన్నీ ఊరి చేతుల్లోంచి ప్రభుత్వ శాఖల చేతుల్లోకి వెళ్లాయి. తనది కాని దాన్ని ఊరు ఎందుకు పూడిక తీస్తుంది? పూడికకు ముందే హక్కు పోయిందని నా ఉద్దేశం. తరవాత బోర్లు వచ్చి మిగిలింది తోడేశాయి.

అంచేత 1985 తరవాత జరిగింది ఒట్టి తవ్వకం పని కాదు. ప్రతి కట్టడానికీ ముందు ఊరంతా కూర్చుని ఒప్పుకోవాలి, ఖర్చులో కొంత వాటా శ్రమగానో డబ్బుగానో ఊరే పెట్టాలి. ఎక్కడ కట్టాలో, అలుగు ఏ ఎత్తులో ఉండాలో ఊళ్లో పెద్దవాళ్లే చెప్పేవారు. అర్వరీ తలాపున ఉన్న భావ్తా-కోల్యాలా జంట ఊళ్లలో 1986-87 ప్రాంతంలో పని మొదలైంది. క్రమంగా పరీవాహకమంతా కలిపి 370 దాకా కట్టడాలు లేచాయి. 1990లో నది వానాకాలం దాటాక కూడా పారింది. 1995 నాటికి ఏడాది పొడవునా పారుతోందన్నారు.

ఇది ఎలా సాధ్యం? ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నాకు ఈ భాగం ఇష్టం. నది అంటే పైన పారేది అనుకుంటాం. వానలు లేని నెలల్లో నదిలో కనిపించేది నిజానికి కింది నుంచి పొర్లి వచ్చిన నీరు. భూగర్భ జలమట్టం నది అడుగు కంటే కిందకి పోతే, నది తన నీటిని భూమికి ఇచ్చేసి ఎండిపోతుంది. మట్టం అడుగు కంటే పైకొస్తే, భూమే నదికి నీరిస్తుంది. వందల జోహడ్‌లు కలిసి చేసింది ఆ మట్టాన్ని ఆ గీత దాటించడం. ఒక్క జోహడ్ వల్ల ఓ బావి బతుకుతుంది. నది బతకాలంటే పరీవాహకం మొత్తం పూనుకోవాలి. ఏ ఒక్క ఊరూ నదిని బతికించలేదు, కానీ కింద విచ్చలవిడిగా తోడుకునే ఏ ఒక్క ఊరైనా దాన్ని మళ్లీ చంపగలదు.

గనులు ఆ పని చేయబోయాయి. సరిస్కా పులుల అభయారణ్యం లోపలా చుట్టూ పాలరాతి గనులు తవ్వుతుంటే, జోహడ్‌లలో ఇంకిన నీళ్లు గని గుంతల్లోకి చేరేవి. తరుణ్ భారత్ సంఘ్ 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు జోక్యంతో అక్కడ వందల గనులు మూతపడ్డాయి. ఈ పోరాటంలో దెబ్బలు, బెదిరింపులు, కేసులు అన్నీ ఉన్నాయి. అవార్డు ప్రసంగాల్లో వీటికి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు.

ఇప్పుడు చేపల సంగతి. నీళ్లొచ్చాక అర్వరీలో చేపలు వచ్చాయి. 1996లో హమీర్‌పుర్ దగ్గర నదిలో చేపలు పట్టుకునే హక్కును రాష్ట్ర ప్రభుత్వం ఓ కాంట్రాక్టరుకి ఇచ్చింది. ఊళ్లు ఒప్పుకోలేదు. నది ఎండి ఉన్నన్నాళ్లూ అది ఎవరికీ పట్టలేదు, నీళ్లు రాగానే సర్కారు ఆస్తి ఎలా అయింది అని అడిగారు. అక్కడి జనంలో చాలామంది చేపలు తినరు. వాళ్లు తమకు చేపలు కావాలనలేదు, ఎవరూ పట్టొద్దన్నారు. ఇవాళ చేపలు వేలం వేసినవాడు రేపు నీళ్లు వేలం వేస్తాడన్నదే భయం. కాంట్రాక్టు రద్దయింది.

కానీ ఆ గొడవలో ఊళ్లకు ఓ ఇబ్బందికరమైన సంగతి అర్థమైంది. ‘సర్కారుది కాదు’ అనడం తేలిక. ‘మాది’ అనగానే, మా అంటే ఎవరు అనే ప్రశ్న లేస్తుంది. ఎగువ ఊరా, దిగువ ఊరా? పెద్ద మోటారున్న రైతా, భూమిలేని కూలీయా? దానికి వాళ్లు వెతుక్కున్న జవాబు అర్వరీ సంసద్, అంటే నది పార్లమెంటు. 1999లో హమీర్‌పుర్‌లోనే మొదలైంది. 70 ఊళ్ల ప్రతినిధులు ఏడాదికి రెండుసార్లు కూర్చునేవారు. చెరకు, వరి లాంటి నీళ్లు తాగే పంటలు వేయొద్దు, నదిలోంచి ఇష్టం వచ్చినట్టు తోడొద్దు, గనులకు భూములు అమ్మొద్దు, పచ్చని చెట్టు నరకొద్దు, వేటాడొద్దు అని నియమాలు పెట్టుకున్నారు. ఈ పార్లమెంటుకి చట్టబద్ధత లేదు, పోలీసు లేడు. ఉన్నదల్లా తోటివాళ్ల ముందు తలదించుకోవాల్సి వస్తుందన్న వెరపు.

నా దృష్టిలో అర్వరీ అసలు ఆవిష్కరణ జోహడ్ కాదు, ఇదే. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వేసిన పుస్తకంలో ఉమ్మడి వనరులు నాశనం కావడం విధిరాత కాదని, వాడుకునేవాళ్లే నియమాలు రాసుకున్న చోట అవి తరాల పాటు నిలిచాయని చూపించింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. హమీర్‌పుర్ రైతులకు ఆ పుస్తకం అక్కర్లేకపోయింది.

ఇక్కడితో ఆపితే మంచి ముగింపే. కానీ నది ఆ ఊళ్లతో ఆగదు కదా.

సిడ్నీ యూనివర్సిటీకి చెందిన క్లెయిర్ గ్లెండెనింగ్, విలెమ్ వెర్వూర్ట్ అర్వరీ పరీవాహకం మీద లెక్కలు కట్టి 2010, 2011లలో పత్రాలు ప్రచురించారు. వాళ్ల అంచనాలో, వాళ్లు కొలిచిన సంవత్సరాల్లో వానలో సుమారు 7 శాతాన్ని ఈ కట్టడాలు భూమిలోకి దించాయి. అది ఎగువ రైతుకు మేలే, వాన తక్కువైన ఏడాది కాస్త ఊపిరి. కానీ కట్టడాలు పెరిగేకొద్దీ దిగువకు పోయే మొత్తం ప్రవాహం తగ్గుతుంది. ఎగువన నది ఎక్కువ రోజులు పారుతుంది నిజమే, కానీ దిగువ జలాశయానికి చేరే వరద తగ్గుతుంది. రెండూ ఒకేసారి నిజం. జోహడ్ నీటిని పుట్టించదు, ఒక కాలం నుంచి ఇంకో కాలానికి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. జరిపినప్పుడల్లా ఎక్కడో ఒకరి వాటా మారుతుంది.

2001లో ఈ చిక్కు బయటపడింది. పక్కనున్న రూపారేల్ పరీవాహకంలో లావా కా బాస్ అనే ఊరు ఓ అడ్డుకట్ట కట్టుకుంది. నీటిపారుదల శాఖ అది అక్రమమంది, కూల్చేస్తామంది. సంస్థానాల కాలంలో అల్వర్, భరత్‌పూర్‌ల మధ్య కుదిరిన నీటి ఒప్పందాన్ని బయటకు తీసింది. నీళ్ల ఉద్యమాల వాళ్లందరూ ఊరి వైపు నిలబడ్డారు, నేనున్నా అటే నిలబడేవాణ్ణి. అయినా భరత్‌పూర్ రైతు అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు.

మన దగ్గర ఈ ప్రశ్న ఎంత పాతదో చూడండి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. చెరువు కట్టడానికి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఏకరువు పెట్టారు. కట్ట కారడం, చౌడునేల లాంటి దోషాల మధ్య ఇంకోటి ఉంది: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఆరు వందల యాభై ఏళ్ల కింద చెరువు కట్టినవాళ్లకి సరిహద్దు కూడా చౌడునేల లాంటి దోషమే. రూపారేల్‌కి ఉన్న జబ్బు అదే.

మరి మనమేం చేశాం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి, బావికీ బావికీ మధ్య దూరం, అన్నీ రాసి ఉన్నాయి. పల్లెల్లో ఎవరినైనా అడగండి, ఆ కాగితం చూసి ఏ బోరుబండి ఆగిందో. అదే దశాబ్దంలో ఏడు కరువు జిల్లాల్లో ఇంకో ప్రయత్నం జరిగింది. రైతులే వాన కొలిచి, బావుల మట్టం రాసుకుని, ఊరి నీటి బడ్జెట్టు వేసుకుని, ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకునేవారు. ఎవరి మీదా నిషేధం లేదు. లెక్క అందరి ముందూ గోడ మీద ఉండేది, అంతే. అర్వరీది కట్టుబాటు దారి, ఇది లెక్కల దారి. రోజూ డేటాతో పనిచేసేవాణ్ణి కాబట్టి రెండోదాని మీద నాకు మొగ్గు ఉండాలి. కానీ లెక్క తెలిసినంత మాత్రాన పక్కవాడి మోటారు ఆగదు. కట్టుబాటు ఉన్నా లెక్క లేకపోతే దిగువవాడు ఏం కోల్పోతున్నాడో ఎగువవాడికి ఎప్పటికీ తెలియదు.

తెలంగాణ 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేల చెరువుల పూడిక తీస్తామంది. కాకతీయుల పేరు బాగుంది, పూడిక మట్టి పొలాలకు మంచిదే. కానీ చెరువుకి ఓ నీరటికాడు ఉండేవాడు, ఏ మడికి ఎన్ని గడియల నీళ్లో అతనికి తెలుసు, అతని మాట ఊరు వినేది. పొక్లెయినర్ పూడిక తీస్తుంది గానీ నీరటికాణ్ణి తేలేదు. అర్వరీ నుంచి మనం జోహడ్ నమూనా తెచ్చుకోనక్కర్లేదు, అంతకంటే మంచి చెరువులు మనకు ఉన్నాయి. తెచ్చుకోవాల్సింది 70 ఊళ్లు ఏడాదికి రెండుసార్లు కూర్చున్న ఆ చాప. దాని మీద ఈసారి సైంథల్ సాగర్ కింది రైతుకి కూడా చోటుండాలి. చేపలు ఎవరివో అప్పుడు తేల్చుకోవచ్చు.